హాలిఫాక్స్ ముద్ర

కార్డిఫ్, కెజియా ఇల్లు
డిసెంబరు 10, ఆదివారం

తమ్ముడు హైవెల్‌కు,

క్రిస్మస్‌కు రావలసిన ఉత్తరం పదిహేను రోజులు ముందే వచ్చిందని గాభరా పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నా మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. ఈ ముక్క అన్నిటికంటే ముందు రాయాలని వారం నుంచీ అనుకుంటున్నాను. కవరు మీద నా కోడిగీతలు చూడగానే నీ గుండె ఎక్కడ ఆగుతుందోనని నా భయం.

సంగతేమిటంటే, మా అమ్మాయి రాకెల్ కొడుకు ఇల్టిడ్ లేడూ, తల్లి పోయాక నా దగ్గరే పెరిగినవాడు, వాణ్ణి జనవరి ఆరో తారీకున ఆర్మ్స్ పార్కు స్టేడియంలో రగ్బీ ఎంపిక ఆటకు పిలిచారు. ఎర్ర చొక్కాలది ఒక జట్టు, తెల్ల చొక్కాలది ఒక జట్టు. మనవాడిది తెల్ల చొక్కా. ఆట అయ్యాక రెండు జట్లలోంచీ ఏరి వేల్స్‌కు పదిహేను మందిని కడతారట. ఇవన్నీ నీకు నేను చెప్పాలా! నాకు తెలిసిందల్లా బంతి కోడిగుడ్డులా ఉంటుందని, దాన్ని పట్టుకున్నవాడి మీద అందరూ పడతారని. నా నిద్ర చెడటానికి అది చాలు. లోపల ఉన్ని బనీను వేసుకోరా అంటే వినడు. వాడి ఛాతీ బలహీనమని నీకు రాశాను కదా, వాడి చిన్నప్పుడు.

వాడు ఇక్కడి ఓడరేవు ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాదిన్నర అయింది. మా ఆడపడుచు కెజియా ఇంట్లోనే బస. మొగుడు పోయాక ఆమె గదులు అద్దెకిచ్చి భోజనం పెడుతోంది. ఇల్లు ఏటి ఒడ్డునే. ముందుగది కిటికీ తీస్తే ఏరు, ఏటికి అవతల స్టేడియం వీపు. ఇంత పెద్ద వీపు. పొద్దున్న లేస్తే అదే, దీపం పెట్టేవేళా అదే. "వదినా, కుర్రాడికి వండిపెడుదువుగాని రా" అని కెజియా రాస్తే, కోళ్ళను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వారం రోజులకని వచ్చాను. ఇప్పుడేమో ఆట అయ్యేదాకా కదలటానికి వీల్లేదంటోంది. రేపు వెళ్తానన్నానో లేదో, నా కోటు తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. నవ్వుతూనే వేసిందనుకో.

నిన్న ఇల్టిడ్ నన్ను స్టేడియం చూపిస్తానని తీసుకెళ్ళాడు. లోపల ఎవరూ లేరు. అన్ని వేల ఖాళీ మెట్లు ఒక్కసారి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. "అమ్మమ్మా, నోరు మూసుకో, చలిగాలి పోతుంది" అన్నాడు. గడ్డి చూసుకునే ముసలాయన ఒకడు చక్రాల బండి తోసుకుంటూ వచ్చి, "గడ్డి మీద కాలు పెట్టకమ్మా, రాజుగారొచ్చినా ఇదే మాట చెప్తాను" అన్నాడు. ఆయన వెళ్ళేదాకా ఆగి ఇల్టిడ్ గీత ఇవతల నిలబడి, ఎదురొచ్చేవాణ్ణి ఎలా తప్పించుకుంటాడో చేసి చూపించాడు. ఎడమవైపు పోయినట్టే పోయి, కుడికాలు ఒక్క క్షణం గాల్లో ఆపి...

హైవెల్, అది నీ కాలు.

"ఎవరు నేర్పార్రా?" అన్నాను. "ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది" అన్నాడు. వాడికి నువ్వున్నావనే తెలియదు. నువ్వూ ఈ గడ్డి మీద పరిగెత్తావని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ముప్పై ఏళ్ళుగా మింగుతున్నదే కదా.

జవాబు ఇక్కడికే రాయి. ఊరికి రాస్తే పోస్టమ్మ కవరు వెలుతురుకు పెట్టి చూస్తుంది. నీ దగ్గు సంగతి ఎప్పుడూ రాయవు. ఈసారి రాయి.

నీ అక్క,
మార్గెడ్


హాలిఫాక్స్
డిసెంబరు 14

అక్కా,

నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గర నిలబడి చదివాను. మేస్త్రీ చూసి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "కాదు, ఒకడు పుట్టాడు" అన్నాను. పిచ్చెక్కిందనుకున్నాడు.

నేను వస్తున్నాను. శుక్రవారం, జనవరి అయిదున. స్టేషన్ పక్క వీధిలో ఒక బసకు ఇవాళే రాశాను. మా ఎడిత్ నా కోటుకు కొత్త గుండీలు కుడుతోంది. నువ్వు భయపడతావని నాకు తెలుసు, అందుకే ముందే చెప్తున్నాను. ఎవరితోనూ మాట్లాడను. ఏటి వైపు నిలబడి చూసే మెట్లున్నాయి, అక్కడ టోపీ కిందికి లాక్కుని నిలబడతాను. టికెట్ కొనుక్కున్నవాణ్ణి ఎవరూ ఆపరు.

ఆ గడ్డి మీద నాలుగు ఆటలు ఆడాను. ఏరు పొంగిన ఏడాది చీలమండల దాకా నీళ్ళలో ఆడాం. గాలి తిరిగితే సారా బట్టీ నుంచి ఉడికిన గింజల వాసన వచ్చేది. ఇప్పటికీ ఇక్కడ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా కాళ్ళు కదులుతాయి. తప్పు చేశానని నేనెప్పుడూ అనుకోలేదక్కా. నాన్న కాలు గనిలో నలిగింది, ఇంట్లో ఏడుగురం. ఇక్కడ ఇంగ్లండు ఉత్తరాదివాళ్ళు పదమూడు మందితో ఆడతారు, ఆడినందుకు వారంవారం జీతమిస్తారు. మనవాళ్ళు పదిహేను మందితో ఆడతారు, ఊరికే ఆడతారు. అంతే తేడా. దానికే క్లబ్బు గోడ మీద నా ఫొటో మర్నాటికల్లా తీసేశారు. మేకు మాత్రం ఉంచారని నువ్వే రాశావు.

కుర్రాడికి ఒక మాట చెప్పు. ఎడమకు పోయేముందు భుజం వంచుతున్నాడేమో చూసుకోమను. వంచితే ఎదుటివాడికి తెలిసిపోతుంది. నాకది అర్థం కావటానికి రెండేళ్ళు పట్టింది. నేను చెప్పానని చెప్పకపోయినా సరే.

దగ్గు ఉంది. నాతోపాటే ఉంటుంది.

హైవెల్


కార్డిఫ్
డిసెంబరు 18, సోమవారం

తమ్ముడూ,

రావద్దు. దీని తరవాత ఏం రాసినా ఈ మాట మరిచిపోకు.

శనివారం పొద్దున అందరం బల్ల దగ్గరున్నాం. పై గదిలో ప్రోథెరో గారని పదేళ్ళుగా ఉంటున్నారు. జట్టును ఏరే కమిటీ మనిషి. వాళ్ళు తలూపితే పేరు జాబితాలో ఉంటుంది, ఊపకపోతే లేదు. ఆయనే గుమ్మం దగ్గర పడ్డ ఉత్తరాలు ఏరుకొచ్చి, నీ కవరు కళ్ళజోడు దగ్గరగా పెట్టుకున్నారు. నా పేరు చూడలేదు. పోస్టాఫీసు ముద్ర చూశారు.

"హాలిఫాక్స్! ఈ ఇంటికి హాలిఫాక్స్ నుంచి రాసేవాళ్ళెవరబ్బా? ఏం కుర్రాడా, నీకేనా?"

ఇల్టిడ్ ఓట్స్ జావలోంచి తల కూడా ఎత్తలేదు. "హాలిఫాక్స్ ఎక్కడుందో కూడా నాకు తెలీదండీ."

"తెలీకపోవటమే ఆరోగ్యం. కుర్రాళ్ళను డబ్బుతో లాక్కోవటానికి ఆ ఉత్తరాది క్లబ్బులవాళ్ళు ఇప్పుడు ఆడవాళ్ళ పేరు మీద రాస్తున్నారట. పోయినేడు ఒక కుర్రాడికి మేనత్త పేరు మీద వచ్చింది. మేనత్త చచ్చి ఆరేళ్ళు!"

కెజియానే అందుకుంది. "అయ్యో, అది మా వదిన ఊలు సంగతండీ. హాలిఫాక్స్‌లో ఊలు మిల్లులున్నాయి కదా, నమూనాలు తెప్పించుకుంటోంది."

"ఓహో. ఏం అల్లుతున్నారు?"

"మఫ్లరు. మీకే! చెప్పకుండా ఇద్దామనుకుంటే మీరే పాడుచేశారు."

ఆయన సంతోషపడిపోయి కవరు నా చేతికిచ్చారు.

తరవాత వంటింట్లో కెజియా తలుపు వేసి నా మీద పడింది. "మతి ఉండే చేశావా వదినా? ఈ ఇంటికి రాయమన్నావా? నీ తమ్ముడి పేరు ఈ ఊళ్ళో ఎవరెత్తినా మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఉత్తరాదివాళ్ళతో మాట్లాడాడని తేలితే చాలు, కుర్రాణ్ణి జన్మలో బంతి ముట్టనివ్వరు. తెలుసా నీకు?"

"తెలుసు" అన్నాను. నాకు తెలియకపోవటమేమిటి. మన కొండల్లోకి ఉత్తరాది మనిషి వచ్చాడంటే కుర్రాళ్ళు పట్టుకుని కోటుతో సహా ఏట్లో వేసేవాళ్ళు. నీ కోసం వచ్చినాయన్ని మన బొగ్గుల కొట్లో దాచింది నేనే కదా.

ఇప్పుడు ప్రోథెరో గారు రోజూ అడుగుతున్నారు, ఊలు వచ్చిందా అని. నేనెక్కణ్ణించి తేను? కడ్డీలున్నాయి, ఊలు లేదు. నువ్వే పంపించు. బూడిద రంగు, సన్నది. మిల్లు కాగితం చుట్టి పంపితే ఇక అనుమానం ఉండదు. నువ్వు మాత్రం రావద్దు. భుజం సంగతి వాడికి చెప్పాను, నా మాటగా. "అమ్మమ్మా, నువ్వెప్పుడు ఆడావు?" అని పడిపడి నవ్వాడు. తరవాత వెనక పెరట్లో ఒక్కడే చేసి చూసుకుంటున్నాడు.

కెజియా ఇప్పుడు ఉత్తరాల వేళకు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటోంది. ఇది ప్రార్థన మందిరానికని చెప్పి వెళ్ళి పోస్టు చేస్తున్నాను. ప్రార్థనకని చెప్పి అబద్ధాలు పోస్టు చేసే ముసలిదాన్నయ్యాను.

మార్గెడ్


హాలిఫాక్స్
డిసెంబరు 21

అక్కా,

ఊలు పంపిస్తున్నాను, ఉత్తరం దాని చుట్ట మధ్యలో పెట్టాను. బూడిద రంగే. కమిటీ మెడకు నా మిల్లు ఊలు! ఎడిత్ నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. నేనూ నవ్వాను, సాయంత్రం దాకా.

సాయంత్రం నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అందులో కుర్రాడి గురించి ఉంది, కెజియా గురించి ఉంది, ఆ పెద్దమనిషి మెడ గురించి కూడా ఉంది. నన్ను చూడాలని ఉందని ఒక్క ముక్క లేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి రమ్మనలేదు నువ్వు. అమ్మ పోయినప్పుడు పూడ్చిన మర్నాడు తంతి వచ్చింది. నేనేం అనలేదు. ఆలస్యమైందేమోలే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను.

నేను దొంగతనం చేయలేదక్కా. వచ్చి, చూసి, వెళ్ళిపోతాను. నా చోటు నేను మాట్లాడుకున్నాను. వస్తాను.

హైవెల్


కార్డిఫ్
డిసెంబరు 28, గురువారం

తమ్ముడూ,

నీ ఊలు ఇల్లు కూల్చేలా ఉంది.

పొట్లం లావుగా ఉంది, దాని మీద మళ్ళీ అదే ముద్ర. ప్రోథెరో గారికి మఫ్లరు సరదా తీరి అనుమానం పట్టుకుంది. "ఊలు కొనటానికి కార్డిఫ్‌లో కొట్లు లేవా?" అన్నారు. కెజియా కూడా ఏం చెప్పలేకపోయింది. ఆయన ఎవరితో ఏమన్నారో, పండగ మర్నాటికి క్లబ్బంతా ఒకటే మాట, ఇల్టిడ్ కోసం ఉత్తరాది వాళ్ళు వలేశారని. ఆటకు ముందురోజు, శుక్రవారం నాలుగు గంటలకు, కమిటీ వాడిని హోటలు మేడ మీదికి పిలిచి అడుగుతుందట. వాడి జవాబు నచ్చకపోతే ఇక తెల్ల చొక్కా లేదు, ఎర్ర చొక్కా లేదు, వాడి ఊరి క్లబ్బు కూడా లేదు. ఇరవై రెండేళ్ళకే.

వాడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "అమ్మమ్మా, నన్నెవరూ అడగలేదు. ఒట్టు. వీళ్ళెందుకిలా అంటున్నారు?" నేను మఫ్లరు అల్లుతూనే ఉన్నాను. కుట్లు తప్పాయి. విప్పి మళ్ళీ అల్లాను. వాడి మొహం చూడలేదు.

నిజం చెప్తే నువ్వెవరో తెలుస్తుంది. చెప్పకపోతే వాడి మీద పడుతుంది. ఊరికి పోదామంటే, ముసలిదాన్ని పంపించేసి ఏదో దాచారంటారు. ఇక్కడే ఉంటే ఆ కిటికీ, ఆ వీపు. నాకు ఊపిరాడటం లేదు. వీధిలో ఎవరు నడిచినా తలుపు కొట్టటానికే వస్తున్నారనిపిస్తోంది.

అమ్మ సంగతి అడిగావు. ముప్పై ఏళ్ళు అడక్కుండా ఉండి, ఇప్పుడు అడిగావు. ఆలస్యం కాలేదు. కావాలనే ఆలస్యంగా పంపాను. అమ్మ శవపేటికను కొండ మీదికి మోసింది క్లబ్బు వాళ్ళు. నువ్వొస్తే భుజం పట్టేది లేదన్నారు. నాన్న కుంటుకుంటూ వాళ్ళ ఇళ్ళకు తిరిగి బతిమాలాడు, వాళ్ళు నీ పేరే ఎత్తారు. మన వాకిట్లోంచి ఆ పెట్టెను ఎవరు లేపేవాళ్ళు? నేను ఎంచుకోవలసి వచ్చింది. అప్పటినుంచీ ఎంచుకుంటూనే ఉన్నాను, ప్రతిసారీ నిన్ను వదిలేసే వైపే ఎంచుకుంటున్నాను.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ప్రోథెరో గారంటున్నారు, ఇక్కణ్ణించి వెళ్ళిన పాత ఆటగాళ్ళనే ఉత్తరాది క్లబ్బులు గాలాలుగా వాడతాయని. చుట్టరికం చెప్పుకుని వస్తారట. హైవెల్, నిన్ను ఎవరూ పంపించటం లేదు కదా? నాకు నమ్మకముంది. ఒక్కసారి లేదని రాయి, అంతే.

మార్గెడ్


హాలిఫాక్స్
డిసెంబరు 31

అక్కకు,

లేదు. నన్నెవరూ పంపటం లేదు.

మా క్లబ్బు మనిషి నెల కిందట ఇంటికొచ్చాడు. కార్డిఫ్‌లో ఒక కుర్రాడున్నాడు, మీ కొండల వాడేనట, నీకు తెలుసా అన్నాడు. తెలియదన్నాను. నాకు వాడొక్కడే ఉన్నాడు, వాణ్ణి తెలియదన్నాను. నీకు రాయలేదు, ఎందుకంటే అది నీకు రాయవలసినంత సంగతి అనిపించలేదు. నువ్వు అడుగుతావని నాకు తోచలేదు.

రాను. బస వద్దని చెప్పేస్తాను. ఇక ఉత్తరాలు కూడా వద్దు, ముద్ర పడుతుంది.

హైవెల్ రీస్


కార్డిఫ్
జనవరి 7, ఆదివారం

హైవెల్,

ఉత్తరాలు వద్దన్నావు. నేను రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో వేస్తే వేయి, కానీ రాయకపోతే నేను ఉండలేను.

శుక్రవారం మధ్యాహ్నం ఇల్టిడ్ భోజనానికి వచ్చాడు. మాంసం పులుసు పెట్టాను. వాడు చెంచా ఆడిస్తున్నాడు గాని తినటం లేదు. ఉన్నట్టుండి, "అమ్మమ్మా, నాలుగింటికి నేనేం చెప్పాలి?" అన్నాడు. ఆ గొంతు వినేసరికి నాకు మిగతా భయాలన్నీ ఎటు పోయాయో తెలియదు. నీ ఉత్తరాలన్నీ జేబులోంచి తీసి పళ్ళెం పక్కన పెట్టాను. మొత్తం చెప్పాను. బొగ్గుల కొట్టు దగ్గర్నించీ.

వాడు చెంచా కింద పెట్టాడు. తరవాత, "నాకు తాతయ్యున్నాడా? ఆడే తాతయ్య? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు.

"బళ్ళో నిన్ను ఏడిపిస్తారనిరా."

"చిన్నప్పుడు సరే. ఇప్పుడో?"

వాడు ఉత్తరాలు ముట్టుకోలేదు. "నేను చదవను. చదివావా అని అడిగితే లేదని నిజం చెప్పాలి కదా" అన్నాడు. నాకంటే తెలివైనవాడు.

వాడు వెళ్ళాక నా కోటు కోసం చూస్తే బీరువా తాళం వేసే ఉంది. శాలువా కప్పుకుని వెళ్ళాను. కెజియా వంతెన దాకా వెంటపడింది, "వదినా, కొంప ముంచుతావు, వదినా!" అంటూ. హోటలు గుమ్మం దగ్గర ఇత్తడి బొత్తాల కోటు కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. "మేడ మీదికి ఆడవాళ్ళు పోకూడదమ్మా."

"నేను ఆడదాన్ని కాదయ్యా, అమ్మమ్మను" అని వాడి చెయ్యి కిందనుంచి దూరిపోయాను. ఎలా చేశానో దేవుడికే తెలియాలి.

లోపల చుట్టల పొగ. ఏడుగురు మగవాళ్ళు. ఇల్టిడ్ బల్ల ముందు నిలబడి ఉన్నాడు, బడిపిల్లాడిలా. ప్రోథెరో గారు నేనల్లిన మఫ్లరు వేసుకుని కూర్చున్నారు. నేను ఆయన వైపే చూస్తూ చెప్పాను, ఆ మఫ్లరు ధైర్యమిచ్చింది. "ఆ ఉత్తరాలు నావి. రాసింది నా తమ్ముడు హైవెల్ రీస్. కుర్రాడికి వాడెవరో ఇవాళ మధ్యాహ్నం దాకా తెలియదు. తప్పుంటే నాది."

చివర కూర్చున్న పెద్దాయన చుట్ట కింద పెట్టి, "హైవెల్ రీసా? ఉన్నాడా?" అన్నాడు. నిదానంగా ఇల్టిడ్ కాళ్ళ వైపు చూశాడు. "నేనెక్కడ చూశానా అనుకుంటున్నాను, నెల నుంచీ."

మధ్యలో కూర్చున్నాయన గట్టివాడు. "జీతానికి ఆడిన మనిషి ఈ కుర్రాడికి ఆటలో ఏమైనా నేర్పాడా? ఉత్తరం ద్వారా అయినా సరే."

హైవెల్, నాకు గుర్తొచ్చింది. భుజం! "భుజం వంచకురా అని నేనే చెప్పాను" అన్నాను.

"మీరా? మీకెలా తెలుసు?"

"ఆ తమ్ముణ్ణి మూడేళ్ళు చంకనేసుకుని తిరిగినదాన్ని. వాడి భుజం ఎప్పుడు వంగుతుందో నాకు తెలియదా?"

పెద్దాయన ఫక్కున నవ్వాడు. దాంతో మిగతావాళ్ళకూ నవ్వక తప్పలేదు. మమ్మల్ని బయట నిలబెట్టి అరగంట మాట్లాడుకున్నారు. కుర్రాడు ఆడొచ్చు, కానీ ఆ మనిషి వాడి దగ్గరకు రాకూడదు, మాట్లాడకూడదు అన్నారు. "టికెట్ కొనుక్కుని చూడొచ్చా?" అని అడిగాను. "గడ్డి చూడ్డానికి ఎవరికైనా హక్కుంది" అన్నాడు పెద్దాయన.

అటునుంచి అటే తంతి ఆఫీసుకు పోయి నీకు తంతి కొట్టాను. 'రా. అందరికీ చెప్పేశాను. మార్గెడ్.' అప్పటికి అయిదు గంటలు. రాత్రి బండి ఎక్కితే పొద్దున్నకు చేరతావని ఇల్టిడ్ లెక్క చెప్పాడు.

శనివారం నన్ను స్టాండులో వరస మధ్యలో కూర్చోబెట్టారు, ఇటు కెజియా, అటు ప్రోథెరో గారు. లేవటానికి లేదు, కదలటానికి లేదు. కెజియా నాతో మాట్లాడటం లేదు, కానీ మోకాళ్ళ మీద తన దుప్పటి సగం నాకు కప్పింది. నేను ప్రోథెరో గారి దుర్భిణి అడిగి తీసుకుని ఏటి వైపు మెట్ల మీద ఒక్కొక్క టోపీ కిందా వెతికాను. ఒక వరస అయ్యాక ఇంకో వరస. నీ మొహం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు కదా, ఇరవై రెండేళ్ళ మొహం కోసం వెతుకుతున్నాను. ఉన్నట్టుండి జనమంతా లేచి నిలబడ్డారు. వీపులు తప్ప ఏమీ కనపడలేదు. కూర్చున్నాక ప్రోథెరో గారు ఏడుస్తున్నారు. "చూశారా? చూశారామ్మా? ఎడమకు పోయి..." అంటున్నారు. ఇల్టిడ్ గీత దాటి బంతి పెట్టాడట. నేను చూడలేదు. నీకోసం వెతుకుతూ వాణ్ణి చూడలేదు.

నువ్వు రాలేదు. నేనడిగిన ఆ ప్రశ్నకు ఇది నీ జవాబనుకున్నాను. సరే. నాకు తగినదే.

మార్గెడ్


హాలిఫాక్స్
జనవరి 9

అక్కా,

నీ తంతి నేను ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర దొరికింది. ఆదివారం తెల్లవారుజామున. ఎడిత్ వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంది, తీసుకోవటానికి ఎవరూ లేరు.

రానని రాసిన మర్నాడే రైలు టికెట్ కొన్నాను. బస వద్దని చెప్పలేదు. నువ్వు తంతి కొట్టేవేళకు నేను కార్డిఫ్‌లోనే ఉన్నాను, నీకు రెండు వీధుల అవతల, కిటికీ తెర వేసుకుని కూర్చుని.

శనివారం గేటు దాకా వెళ్ళాను. జనం తోసుకుంటున్నారు. నా చేతిలో టికెట్ డబ్బులున్నాయి. అప్పుడు నీ మాటలు గుర్తొచ్చాయి, నావల్ల వాడి జన్మంతా పోతుందని. ఎవరైనా ఒక ముసలాడు నన్ను గుర్తుపడితే? వెనక్కి తిరిగాను. వంతెన దాటి ఇవతలి ఒడ్డుకు వచ్చి, కవరు మీద రాసే ఆ ఇంటి నంబరు వెతుక్కుని, దాని ఎదురుగా ఏటి గట్టు మీది ఇనుప కమ్ముల దగ్గర నిలబడ్డాను. నువ్వు కిటికీలో ఉంటావేమో, కనీసం నిన్నైనా చూడొచ్చని. కిటికీలో ఎవరూ లేరు. నువ్వేమో స్టేడియం లోపలున్నావు, నాకోసం వెతుకుతూ.

ఏటి అవతలనుంచి అంతా వినపడింది. నేను చూడలేదుగాని, వాడి పరుగు నాకు తెలుసక్కా. మామూలుగా బంతి గీత దాటితే జనం ఒక్కటే అరుపు అరుస్తారు. ఆ అడుగు వేసినప్పుడు రెండు శబ్దాలు వస్తాయి. ముందు 'అయ్యో' అంటారు, అంతా తప్పుదారి పట్టి. ఆ తరవాత అరుపు. నా చెవుల్లో ముప్పై ఏళ్ళుగా ఉన్న శబ్దం. శనివారం అదే వచ్చింది. వాడు భుజం వంచలేదు.

అవతల స్టేడియంలో అంతమంది పాడుతుంటే ఇవతల నేనొక్కణ్ణే కమ్ములు పట్టుకుని పాడాను. ఒకావిడ కుక్కతో పోతూ ఆగి చూసింది.

నీ మీద కోపం లేదు. అమ్మ పెట్టె సంగతి ముందే చెప్పి ఉంటే అప్పుడే పోయేది. కానీ ఇక రానక్కా. యాభై రెండేళ్ళొచ్చాయి. మళ్ళీ అలా బయట నిలబడే ఓపిక నాకు లేదు.

కుర్రాడి పేరు జాబితాలో వచ్చిందో లేదో రాయి.

తమ్ముడు,
హైవెల్


కార్డిఫ్
జనవరి 12, శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం కెజియానే తెచ్చి నా చేతిలో పెట్టింది, ముద్ర పైకే కనపడేలా. అందరి ముందూ బల్ల దగ్గర చదివాను. కమ్ముల దగ్గర నిలబడ్డావన్న చోటికి వచ్చేసరికి చదవలేకపోయాను, మిగతాది ఇల్టిడ్ పైకి చదివాడు. రెండు శబ్దాల మాట వాడు రెండుసార్లు చదివాడు. ప్రోథెరో గారు లేచి కిటికీ దగ్గరకు పోయి, ఆ కమ్ముల వైపు చూస్తూ ఉండిపోయారు. "పిలిచి ఉంటే వినపడేంత దూరమే" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

జాబితా నిన్న పేపర్లో పడింది. పదిహేను మందిలో లేడు. కింద, ఎవరికైనా దెబ్బ తగిలితే బదులు దిగే వాళ్ళలో ఉన్నాడు. వాడు అంతగా బాధపడటం లేదు. నేనే పడుతున్నాను, వాడు దెబ్బ తగలకుండా ఉన్నందుకు సంతోషిస్తూనే.

నువ్వు రావద్దు. ఈసారి నేనే వస్తున్నాను.

నేను మన కొండలు, ఈ ఊరు తప్ప ఏదీ చూడలేదని నీకు తెలుసు. బండి రెండుచోట్ల మారాలట. ఇల్టిడ్ కాగితం మీద గీసి ఇచ్చాడు, ఎక్కడ దిగాలో, ఏ వైపు తిరగాలో, ఎవర్ని అడగాలో. తనే తోడొస్తానన్నాడు. వద్దన్నాను. వాణ్ణి హాలిఫాక్స్‌లో ఎవరైనా చూశారంటే మళ్ళీ ఆ బల్ల ముందు నిలబెడతారు. నేనొక్కదాన్నీ పోతే ఏం చేస్తారు, నన్ను ఆడనివ్వరా? బండి ఎక్కాక తలుపు తెరుచుకోకపోతే ఏమిటి, మంచులో ఆగిపోతే ఏమిటి, నీళ్ళ గదికి పోయినప్పుడు నా పెట్టె ఎవరైనా ఎత్తుకుపోతే ఏమిటి, ఇలా నిన్నటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. అనుకుంటూనే పెట్టె సర్దాను. కెజియా బీరువా తీసి కోటిచ్చింది. "దాని కాలరు నలిగింది, ఉండు ఇస్త్రీ చేస్తాను" అని మళ్ళీ లాక్కుంది. ఇంకా ఇస్త్రీ చేస్తోంది.

సోమవారం సాయంత్రం నాలుగు ముప్పావుకు మీ స్టేషన్లో దిగుతాను. నన్ను గుర్తుపట్టలేవని నాకు భయం. నిన్ను నేను గుర్తుపట్టలేనని ఇంకా భయం. అందుకని ఒక్క పని చెయ్యి. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని లోపలికి వచ్చి నిలబడు. నేను దిగేదాకా బండి దగ్గరే ఉండు. గేటు బయట మాత్రం నిలబడకు.

అక్క